సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లో మురికి వదిలి వెళ్లే కస్టమర్లు: నిర్వాహకులకు సమగ్ర మార్గదర్శి

పొద్దున్నే వెళ్లి చూస్తే రెండో బే (బండి నిలిపి కడుక్కునే చోటు) నిండా బురద ముద్దలు. గోడల మీద ఎండిపోయిన మట్టి చారలు. వాక్యూమ్ పక్కన పాత సీటు కవర్లు, చెత్త డబ్బాకు ఆనించి ఎవరింటిదో చిరిగిన పరుపు. సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ నడిపేవాళ్లలో ఇది చూడనివాళ్లు ఉండరు. మనిషి కాపలా లేని చోట, టోకెన్ వేస్తే నీళ్లు వచ్చే చోట, నేల కడిగే పూచీ ఎవరిదో తేలదు. కస్టమర్ మనదనుకుంటాడు, మనం కస్టమర్‌దనుకుంటాం. మధ్యలో నలిగేది తర్వాత వచ్చేవాడు.

మురికి బండి మనకు శత్రువు కాదని ముందే ఒప్పుకుందాం. బురద పట్టిన బండే మన గిరాకీ. శుభ్రంగా ఉన్న బండిని కడగడానికి ఎవరూ రారు. ఆపాల్సిందల్లా ఒకరి మురికి ఇంకొకరి నెత్తిన పడటాన్ని. బోర్డు రాసేటప్పుడు, ఛార్జీ పెట్టేటప్పుడు, ఎవరినైనా రావద్దని చెప్పేటప్పుడు ఈ ఒక్క కొలబద్ద దగ్గర పెట్టుకుంటే చాలా తగాదాలు మొదలే కావు.

మొదటి అడుగు: కోపం కంటే ముందు నోట్‌బుక్

రెండు వారాల పాటు, ఎప్పుడు శుభ్రం చేసినా నాలుగు విషయాలు రాయండి: ఏ బే, ఏ పూట, ఏం దొరికింది, తీయడానికి ఎంతసేపు పట్టింది. వీలైతే ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. రాసింది చదివితే, "అందరూ పాడుచేస్తున్నారు" అనుకున్నది కాస్తా విడివిడి సమస్యలుగా కనిపిస్తుంది.

సాధారణంగా తేలేవి ఇవి. వాన పడ్డ మర్నాడు, సెలవు రోజు సాయంత్రం బురద ఎక్కువ. రాత్రి పొద్దుపోయాక ఇంటి చెత్త, పాత టైర్లు, ఇతర సామాను వచ్చిపడతాయి. వాక్యూమ్ దగ్గర పేరుకునేది బండి లోపలి చెత్త: ఖాళీ సీసాలు, టిష్యూలు, బిల్లు కాగితాలు. బురద వదిలేవాడూ, రాత్రి పరుపు పడేసేవాడూ ఒకే రకం మనుషులు కారు. మొదటివాడు మన కస్టమరే, అతనికి దారి చూపిస్తే మారతాడు. రెండోవాడు కస్టమర్ కాడు, మన స్థలాన్ని డంపింగ్ యార్డు అనుకుంటున్నవాడు. ఇద్దరికీ ఒకే బోర్డు, ఒకే గొంతు వాడితే మొదటివాడికి మనసు కష్టమవుతుంది, రెండోవాడు లెక్కే చేయడు.

రెండో అడుగు: నేల కడిగే నీళ్లు ఉచితంగా ఇవ్వండి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి.

కస్టమర్ వైపు నుంచి చూడండి. మీటర్ మీద సెకన్లు తరిగిపోతుంటాయి. చివరి నిమిషంలో నురగ వదిలించుకోవడానికే సమయం చాలదు. ఆ స్థితిలో నీళ్లు చిమ్మే గన్‌ను నేల మీదకు తిప్పి బురద కడగమంటే, తన డబ్బుతో మన నేల కడగమన్నట్టే. మంచివాడైనా మానేస్తాడు. మీటర్ ఆగిన క్షణంలో చేతిలో నీళ్లుండవు, ఎదురుగా బురద ఉంటుంది, వెనక ఇంకో బండి హారన్ కొడుతుంటుంది. బండెక్కి వెళ్లిపోతాడు. ఇందులో అతని స్వభావం కంటే మన మీటర్ తప్పే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

విరుగుడు రెండు రకాలు. మొదటిది, ప్రతి బే దగ్గరా మీటర్‌తో సంబంధం లేని మామూలు నీళ్ల పైపు. గన్‌తో కలిసిపోకుండా పచ్చ రంగుదో పసుపుదో పెట్టి, పక్కనే "నేల కడగడానికి, ఉచితం" అని రాయండి. రెండోది, టైమర్‌లో మార్పు. డబ్బుతో కొన్న సమయం అయిపోయాక ఇంకో 60 సెకన్లు గన్‌లో మామూలు నీళ్లు మాత్రం వచ్చేలా పెట్టించవచ్చా అని మీ మెషిన్ అమ్మినవాళ్లను అడగండి.

నా ఓటు పైపుకే. కారణం నీళ్ల తీరులో ఉంది. సెల్ఫ్ సర్వీస్ గన్‌లో ఒత్తిడి మామూలుగా 1,000 నుంచి 1,200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉంటుంది, నీళ్లు మాత్రం నిమిషానికి 15 లీటర్ల చుట్టుపక్కలే వస్తాయి. బండికి అంటుకున్న మట్టిని ఊడగొట్టడానికి ఆ ఒత్తిడి పనికొస్తుంది. నేల మీద పడ్డ ముద్దను డ్రెయిన్ దాకా తోయాలంటే కావాల్సింది ధార వేగం కాదు, నీళ్ల పరిమాణం. గన్ పెడితే ముద్ద పగిలి గోడలకు, పక్క బండికి చిమ్ముతుంది. లావు పైపుతో నెమ్మదిగా వదిలితే అదే ముద్ద డ్రెయిన్ వైపు జారుతుంది.

నీళ్లు వృథా అవుతాయనీ, ఆ ఉచిత పైపుతోనే బండి కడిగేసుకుంటారనీ కొందరు యజమానులు భయపడతారు. అర్థం చేసుకోదగ్గ భయమే. పైపు పొడవు బే నేలకు సరిపోయేంతే ఉంచి, వదిలేయగానే మూసుకునే నాజిల్ పెడితే చాలావరకు అదుపులో ఉంటుంది. మిగిలిన కాస్త దుర్వినియోగం, మన మనిషి గంటసేపు పారతో గీకే కూలి ముందు లెక్కలోది కాదు.

పైపు పక్కన గోడకు ఒక రబ్బరు వైపర్, ఒక వెడల్పాటి పార తగిలించండి. పోతాయన్న అనుమానం ఉంటే సన్నని గొలుసు కట్టండి. కంటికి కనబడే చోట, చేతికి అందే ఎత్తులో ఉండాలి. స్టోర్ రూమ్‌లో దాచిన పారను కస్టమర్ వచ్చి అడగడు.

మూడో అడుగు: బురద బండ్లకు వేరే బే

అడ్డదారుల్లో తిరిగొచ్చే జీపులు, ట్రాక్టర్ ట్రైలర్లు, మట్టి తోలే బండ్లు, డర్ట్ బైకులు. వీటన్నిటినీ ఒక బేకి మళ్లించండి. చివరిదైతే మంచిది, చిమ్మినా ఒక పక్కే పోతుంది. అక్కడ పిట్ (డ్రెయిన్ కింద మట్టి దిగే గొయ్యి) మిగతావాటికంటే పెద్దదిగా, నేల వాలు సరిగ్గా ఉండాలి. మీటరు పొడవుకు 2 సెంటీమీటర్ల వాలుంటే నీళ్లు నిలవవు. ఆ బేలో ఫోమ్ బ్రష్ తీసేయడం మేలు. బ్రష్ వెంట్రుకల్లో ఇరుక్కున్న ఇసుక తర్వాతి బండి పెయింట్ మీద గీతలు పెడుతుంది. ఆ గీతలకు జవాబు చెప్పాల్సింది మనమే. మిగతా బేలలో కూడా బ్రష్ పక్కన "ముందు గన్‌తో మట్టి దులపండి, తర్వాతే బ్రష్. బ్రష్‌ను కడిగి వాడండి" అని రాయండి. తన బండికే మంచిదని తెలిసిన మాటను ఎవరూ కాదనరు.

పిట్ గురించి కాస్త లోతుగా చెప్పుకోవాలి, మురికి కస్టమర్ల అసలు ఖర్చు అక్కడే దాగి ఉంది. బేలో పడ్డ మట్టంతా డ్రెయిన్ కింద పిట్‌లోకి చేరి అడుగున దిగుతుంది. 0.1 మిల్లీమీటర్ ఇసుక రేణువు నిలకడ నీళ్లలో ఒక మీటరు దిగడానికి దాదాపు 2 నిమిషాలు చాలు. 0.01 మిల్లీమీటర్ ఒండ్రు రేణువుకు ఆ దూరం దిగడానికి 3 గంటలు పడుతుంది. 0.001 మిల్లీమీటర్ బంకమట్టికి 10 రోజులు కూడా చాలవు. అంటే ఇసుక మన పిట్‌లోనే ఆగుతుంది, బంకమట్టి మాత్రం నీళ్లతో పాటు ముందుకు పోయి పైపుల్లో పేరుకుంటుంది. వరస పెట్టి బురద బండ్లు వస్తే పిట్‌లో నీళ్లకు నిలకడే ఉండదు, ఒండ్రు కూడా ఆగదు. పిట్ ఎంత పెద్దదైతే నీళ్లు అంతసేపు నిలుస్తాయి. ఈ బేలో పెద్ద పిట్ కావాలనడానికి కారణం ఇదే.

వారానికోసారి ఒక గుర్తులు పెట్టిన కర్ర పిట్‌లోకి దించి మడ్డి ఎంత లోతుందో చూడండి. నాలుగో వంతు నిండగానే తోడించే బండికి ఫోన్ చేయండి, పొంగేదాకా ఆగొద్దు. మడ్డిలో ఆయిల్, లోహపు పొడి కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని పక్కన ఖాళీ స్థలంలో పోయించడం సరి కాదు. ఎక్కడ పోయాలో మీ స్థానిక పారిశుద్ధ్య విభాగాన్ని అడిగి చేయండి.

ఒక హెచ్చరిక. పనివాళ్లను పిట్‌లోకి దింపి పారతో ఎత్తించే పని ఎన్నడూ పెట్టుకోకండి. పేడ, ఆకులు, సబ్బు కలిసి కుళ్లిన మడ్డిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు, గోతి అడుగునే నిలుస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది, దాంతో "వాసన పోయింది, ఇక ఫరవాలేదు" అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ప్రాణం పోతుంది. దిగినవాణ్ని కాపాడబోయి రెండోవాడూ పోతాడు. ఎంత బురదైనా బయట నుంచి, పంపుతోనే.

నాలుగో అడుగు: చెత్త డబ్బాలు

చెత్త ఎక్కడ పుడుతుందో డబ్బా అక్కడే ఉండాలి. బండి తలుపు తీసి, సీటు కింద నుంచి చెత్త లాగేది వాక్యూమ్ దగ్గర. కాబట్టి రెండు వాక్యూమ్‌ల మధ్య ఒక డబ్బా, డ్రైవర్ నడవకుండా చేయి చాస్తే అందేంత దగ్గర. గేటు దగ్గర ఒకే పెద్ద డబ్బా పెట్టడం వల్ల లాభం లేదు, పైగా అది దారిన పోయేవాళ్లకు ఆహ్వానం.

మూత సంగతి. పైన మొత్తం తెరిచి ఉన్న డబ్బాలో ఇంటి చెత్త సంచి అలాగే పట్టేస్తుంది. 15 నుంచి 20 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉన్న మూత బిగిస్తే సీసా, టిష్యూ, పొట్లం పడతాయి, ఇంటి సంచి పట్టదు. మూతకు తాళం, డబ్బాకు గొలుసు. పెద్ద కంటైనర్ ఉంటే దాన్ని తలుపున్న గదిలో పెట్టి తాళం వేయండి.

డబ్బా నిండకముందే ఖాళీ చేయాలి. నిండిన డబ్బా పక్కన మొదటి సంచి పెట్టిన మనిషి, తర్వాత పదిమందికి అనుమతి ఇచ్చినట్టే. ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కీజర్, లిండెన్‌బర్గ్, స్టెగ్ అనే పరిశోధకులు సైకిళ్లు నిలిపే ఒక సందులో చేసిన ప్రయోగం 2008లో అచ్చయింది. ప్రతి సైకిల్ హ్యాండిల్‌కు ఒక కరపత్రం తగిలించారు. దగ్గర్లో చెత్త డబ్బా లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది కరపత్రాన్ని నేల మీద పడేశారు లేదా పక్క సైకిల్‌కు తగిలించారు. అదే గోడ మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం మంది ఆ పని చేశారు. గోడకూ కరపత్రానికీ సంబంధం లేకపోయినా అంత తేడా. మన విషయానికొస్తే, నిన్నటి బురద నేల మీద ఉండగా ఈ రోజు వచ్చినవాణ్ని కడిగి వెళ్లమని అడగడం దండగ. రద్దీ మొదలయ్యే ముందు అన్ని బేలూ ఒకసారి కడిగి ఉంచడం కంటే ఫలితమిచ్చే పని ఇంకొకటి నాకు కనిపించలేదు.

వాక్యూమ్ గురించి రెండు మాటలు. లోపల గుడ్డ ఫిల్టర్లుంటాయి, తడి బురద లాగితే అవి అట్టలు కట్టి గాలి ఆగిపోతుంది. ఆరని సిగరెట్ పీక లాగితే ఆ గాలి వేగానికి రాజుకుని డ్రమ్ములో మంట లేస్తుంది. ఈ రెండూ బొమ్మలతో నాజిల్ దగ్గరే అతికించండి.

ఐదో అడుగు: బోర్డు మీద ఏం రాయాలి

"ఇక్కడ బురద వదిలితే కఠిన చర్యలు తీసుకోబడును" అన్న బోర్డు చూసి మారినవాళ్లెవరూ ఉండరు. 1976లో పెన్నెబేకర్, సాండర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక కాలేజీ మరుగుదొడ్ల గోడల మీద రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. "గోడల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకూడదు" తరహా గద్దింపు ఒకటి, "దయచేసి రాయకండి" అన్నది రెండోది. గద్దించిన బోర్డున్న చోటే రాతలు ఎక్కువయ్యాయి, అందులోనూ పై అధికారి పేరుతో గద్దించిన చోట మరీ ఎక్కువ.

కాబట్టి చేయకూడనిది కాకుండా చేయాల్సింది రాయండి, దానికి సాధనం ఎక్కడుందో కూడా అందులోనే చెప్పండి. "బురద ఎక్కువుందా? చివరి బే మీకోసమే. వెళ్లేముందు పచ్చ పైపుతో నేల తోసేయండి, నీళ్లు ఉచితం." ఇంతే. పెద్ద అక్షరాలు, మూడు వరసలు, గన్ పట్టుకున్న మనిషి కంటి ఎత్తులో. మీటర్ పక్కన పెడితే అందరూ చదువుతారు, టోకెన్ వేసే ముందు అందరూ అక్కడే చూస్తారు కాబట్టి.

గట్టిగా రాయాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి వేరే బోర్డు మీద, కారణంతో సహా: ఇంజిన్ ఆయిల్ మార్చడం, పెయింట్, సిమెంట్ కడగడం, పశువుల బండ్లు, ఇంటి చెత్త. శుభ్రం చేసే ఛార్జీ వసూలు చేయాలని మీరు నిర్ణయించుకుంటే ఆ సంగతి, ఎంతన్నది కూడా, మీటర్ దగ్గరే ముందుగా కనబడాలి. తర్వాత చెప్పిన ఛార్జీ జగడానికే పనికొస్తుంది.

ఆరో అడుగు: ఎదురుపడి మాట్లాడటం

బండి లోపలికి వస్తున్నప్పుడు చెప్పిన మాట, వెళ్తున్నప్పుడు చెప్పిన మాట ఒకటే అయినా వినిపించే తీరు వేరు. వచ్చేటప్పుడు చెబితే సాయం, వెళ్లేటప్పుడు చెబితే నింద. అందుకే రద్దీ పూటల్లో మన మనిషి ఒకరు గేటు వైపే ఉండాలి.

బురద జీపు తిరగగానే: "నమస్తే అన్నా, బాగా తిరిగొచ్చినట్టుంది బండి. ఆ చివరి బేలో పెట్టండి, అక్కడ నీళ్లు నిలవవు. అయ్యాక పచ్చ పైపుతో నేల ఒక్కసారి తోసేయండి, దానికి డబ్బులేం పడవు." కుర్రాళ్లయితే తమ్ముడూ, పెద్దవాళ్లయితే సార్, మేడమ్, అమ్మా. వాళ్లు ఏ పిలుపుకు తల తిప్పుతారో మీకే తెలుస్తుంది. "మీరు" మాత్రం ఎవరికీ తప్పించొద్దు. ఏకవచనం ఒక్కటి దొర్లిందంటే బురద సంగతి పక్కకు పోయి మర్యాద సంగతి మొదలవుతుంది.

కడగకుండానే వెళ్లబోతుంటే డ్రైవర్ కిటికీ అద్దం వైపు నుంచి, అతనికి కనబడేలా వెళ్లండి. బండి ముందు నిలబడొద్దు, వెనకాల అసలే వద్దు, బండి మీద చెయ్యి వేయొద్దు. "సార్, ఒక్క నిమిషం. తర్వాత ఫ్యామిలీ బండి ఒకటి ఆగి ఉంది, ఈ బురదలో వాళ్లు దిగలేరు. మీరు పైపు పట్టండి, నేను వైపర్ లాగుతాను, రెండు నిమిషాల పని." ఇందులో మూడు పనులు జరుగుతున్నాయి. తప్పు ఎవరిదన్న మాట ఎత్తలేదు. నష్టపోయేది యజమాని కాదు, ఎదురుగా కనబడుతున్న ఇంకో కస్టమర్ అని చూపించారు. పనిలో సగం మీరు తీసుకున్నారు. ఇంత చెప్పాక కూడా కాదనేవాళ్లు తక్కువ.

"డబ్బులు కట్టాను కదా, కడుక్కోవడం మీ పని" అన్నాడనుకోండి. వాదన పెంచకుండా: "నిజమే సార్, కట్టారు. ఆ డబ్బు మీ బండి నీళ్లకూ సబ్బుకూ. మీరొచ్చినప్పుడు ఈ నేల కడిగి ఉంది, తర్వాతివాళ్లకు కూడా అలాగే ఉండాలనే ఈ పైపు పెట్టాం." అంతే, ఆగిపోండి. ఒప్పుకోకపోతే "సరే సార్, ఈసారికి మేం చూసుకుంటాం" అని వదిలేయండి, నంబరు రాసుకోండి. ఒక నేల కోసం గొడవ పడి వరసలో ఉన్న నలుగురు కస్టమర్లను భయపెట్టడం తెలివైన బేరం కాదు.

"నేనొచ్చేసరికే ఇలా ఉంది" అంటే నమ్మండి. మీ కళ్లతో చూడకపోతే మీ దగ్గర ఉన్నది అనుమానమే. "అయ్యో, మేం చూసుకోలేదు సార్, సారీ" అని మీరే కడగండి. తర్వాత కెమెరా చూసుకోవచ్చు. తప్పు చేయనివాణ్ని నిందిస్తే అతను మళ్లీ రాడు, నలుగురికి చెబుతాడు కూడా.

తాగి ఉన్నవాళ్లు, గుంపుగా ఉన్నవాళ్లు, చేతిలో పనిముట్టుతో కోపంగా ఉన్నవాళ్లు: మాట్లాడే ప్రయత్నమే వద్దు. రాత్రి పూట ఒంటరిగా ఉన్న పనివాడికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, తర్వాత నిలదీయనని మాటివ్వండి. ఆ భరోసా లేకపోతే అతను ఉద్యోగం కోసం ప్రమాదంలోకి వెళ్తాడు.

బురద బేలోకి వచ్చి ఇరుక్కున్న తర్వాతి కస్టమర్‌ను మర్చిపోకండి. వెంటనే వేరే బే చూపించండి. అప్పటికే టోకెన్ వేసేసి ఉంటే ఇంకో టోకెన్ చేతిలో పెట్టండి. ఈ గొడవలో ఏ తప్పూ లేనివాడు అతనొక్కడే.

ఏడో అడుగు: నీళ్లతో కడగకూడని మురికి

బురద వరకు పైపు, వైపర్ చాలు. కొన్నిటిని నీళ్లతో డ్రెయిన్‌లోకి తోస్తే చిన్న సమస్య పెద్దదవుతుంది.

ఇంజిన్ ఆయిల్. బేలో ఆయిల్ మారుస్తూ ఎవరైనా కనబడితే మొహమాటం లేకుండా ఆపించండి: "అన్నా, ఇక్కడ ఆయిల్ దించకూడదు, డ్రెయిన్‌లోకి పోతే నీళ్లన్నీ పాడవుతాయి. ప్లగ్ బిగించేయండి." అప్పటికే కారిపోయి ఉంటే ముందు డ్రెయిన్ మూత చుట్టూ ఇసుకో రంపపు పొట్టో గట్టులా పోయండి. తర్వాత మరక మీద పొట్టు చల్లి, పీల్చుకోనిచ్చి, పారతో ఎత్తి మూతున్న డబ్బాలో వేయండి. మెకానిక్ షాపుల వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకు దాన్ని కూడా అప్పగించవచ్చేమో అడగండి.

సబ్బుతో, డిగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే మందు) కడిగేద్దామనిపిస్తుంది. వద్దు. డ్రెయిన్ నీళ్లలోంచి నూనెను వేరుచేసే ఆయిల్ సెపరేటర్ తొట్టి పనిచేసేది ఒక్క సూత్రం మీద: నూనె తేలిక, పైకి తెట్టులా తేలుతుంది, బయటికి పోయే పైపు మూతి కిందికి ఉండి అడుగు నీళ్లనే తీసుకుంటుంది. డిగ్రీజర్ ఆ నూనెను సన్నని బిందువులుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది. ఇక అది తేలదు, తొట్టిని దాటి నేరుగా కాలువలోకి పోతుంది. డిగ్రీజర్ పోసి ఇంజిన్ కడిగే కస్టమర్లను కూడా అందుకే అదుపులో పెట్టాలి.

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, కారితే దానికి కూడా పొట్టే, అయితే ఆలస్యం కూడదు. అందులో ఎక్కువగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి.

సిమెంట్, మోర్టార్ బండ్లను లోపలికే రానివ్వొద్దు. సిమెంట్ నీళ్లలో ఉండి కూడా గట్టిపడుతుంది. పిట్‌లోకి, పైపులోకి పోయిందంటే తవ్వి తీయడమే. తడి సిమెంట్ పీహెచ్ 12 దాటి ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టకండి.

పశువుల బండ్లలో పేడ కన్నా గడ్డి ఎక్కువ ఇబ్బంది, డ్రెయిన్ జాలీకి చుట్టుకుపోతుంది. వాటిని ఒప్పుకునేట్టయితే "ముందు పారతో ఎత్తి సంచిలో వేసుకుని వెళ్లండి, తర్వాత కడగండి" అన్న షరతు మీదే ఒప్పుకోండి.

వాంతి, రక్తం. గ్లవ్స్ వేసుకుని కాగితంతో ఎత్తేయండి. తర్వాత 1 వంతు ఇంటి బ్లీచ్, 9 వంతుల నీళ్లు కలిపి పోసి 10 నిమిషాలు వదిలి కడగండి. ఇక్కడ కార్ వాష్‌కే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది: చక్రాల క్లీనర్లు చాలావాటిలో ఆసిడ్ ఉంటుంది. నేల మీద అది మిగిలి ఉండగా బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ముందు మామూలు నీళ్లతో చుట్టూ కడిగి, నీళ్లు పోయాకే బ్లీచ్. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కూడా బ్లీచ్ కలవకూడదు.

సూదులు, పగిలిన గాజు. చెత్త సంచిని చేత్తో కిందికి నొక్కడం అందరికీ ఉన్న అలవాటు, దాన్ని ఈ రోజే మాన్పించండి. సంచిని కాలికి తగలకుండా దూరంగా పట్టుకుని మోయాలి. సూది కనబడితే పటకారుతో ఎత్తి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాలి, తొడుగు పెట్టే ప్రయత్నం చేయకూడదు.

ఎనిమిదో అడుగు: కెమెరా, ఛార్జీ, రావద్దనడం

కెమెరా ఎన్ని ఉన్నా రెండు చోట్ల లేకపోతే దండగ: నంబర్ ప్లేటు కనబడేంత కిందికి గేటు దగ్గర ఒకటి, చెత్త కంటైనర్ వైపు ఒకటి. రాత్రి ప్లేటు మీద హెడ్‌లైట్ వెలుగు పడి తెల్లగా మాసిపోతుంది కాబట్టి బండి వెళ్లేటప్పుడు వెనక ప్లేటు కనబడే కోణం కూడా చూసుకోండి. కెమెరా ఉందని బోర్డు పెట్టండి. లైట్లు బాగా వెలగాలి. చీకటి మూల ఎక్కడుంటే పరుపు అక్కడ పడుతుంది.

ఫుటేజీని సోషల్ మీడియాలో పెట్టి "వీణ్ని గుర్తుపట్టండి" అనడం తాత్కాలిక తృప్తి. బండి నడిపింది యజమానే అని మీకు తెలియదు, అతని పక్కన కూర్చున్న పిల్లల మొహాలు కూడా అందులో ఉంటాయి. చట్టపరంగా మీ మెడకే చుట్టుకోవచ్చు. సామాను పెద్ద ఎత్తున పడేస్తే ఫుటేజీ, తేదీ, ఫొటోలతో స్థానిక అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఛార్జీ విషయంలో కూడా బలవంతం చేసే హక్కు మనకు లేదు. గేటు మూసి బండిని ఆపేయడం, తాళం లాక్కోవడం వంటివి మన తప్పే అవుతాయి. అడగండి, రసీదు ఇవ్వండి, ఇవ్వనంటే రాసుకోండి.

రావద్దని చెప్పడం ఆఖరి మెట్టు. అదే మనిషి, చెప్పినా వినకుండా, మళ్లీ అదే పని చేసినప్పుడే. ఆయిల్ దించడం, సిమెంట్ కడగడం, పనివాళ్ల మీదకు రావడం మాత్రం మొదటిసారికే చాలు. ఆ మాట యజమానే చెప్పాలి, జీతగాడి చేత చెప్పించకూడదు. గుంపులో కాకుండా పక్కకు పిలిచి: "సార్, రెండుసార్లు అడిగాం, కుదరలేదు. ఇకమీదట మీ బండికి వేరే చోటు చూసుకోండి." ముందే డబ్బు కట్టిన కార్డులో బ్యాలెన్స్ ఉంటే అప్పుడే తిరిగి ఇచ్చేయండి. తేదీ, నంబరు, కారణం నోట్‌బుక్‌లో రాసి, అన్ని షిఫ్టుల వాళ్లకూ చూపించండి. పొద్దున రావద్దన్నవాణ్ని సాయంత్రం తెలియక రానిస్తే మన మాటకు విలువ ఉండదు. కొన్నాళ్లకు అతనే వచ్చి ఇకనుంచి చూసుకుంటానంటే చివరి బే చూపించి, పచ్చ పైపు ఎక్కడుందో చెప్పి, లోపలికి రానివ్వండి.